మొదటి వంద గంటలు

ఆ వేసవిలో మా ఇంట్లో కేలండరు వైపు ఎవరూ చూడలేదు. ఏదైనా ఎప్పుడు జరిగిందని అడిగితే "ముప్ఫై గంటలప్పుడు" అనో, "నలభై దాటాక" అనో చెప్పుకునేవాళ్లం. మట్టి తవ్వే కొత్త మిషను కొన్నాం. దానికి గంటల మీటరు ఉంటుంది. ఇంజను తిరుగుతున్నంతసేపే అది కదులుతుంది. పెద్ద ట్రాలీ మీద మిషను మా వీధిలోకి వచ్చిన రోజు మీటరు రెండు పాయింట్ నాలుగు చూపించింది. మా అమ్మాయి ఆ అంకెను వంటింటి తలుపు మీద సుద్దముక్కతో రాసింది. రోజూ సాయంత్రం పాతది చెరిపి కొత్తది రాయడం దాని పని.

మా ఆయన పదిహేడేళ్లు పరాయివాళ్ల మిషన్ల మీద పనిచేశారు. మధ్యలో ఒక పాత మిషను సొంతానికి కొన్నారు గాని, అది ఉన్నన్నాళ్లూ పొగ కక్కుతూనే ఉంది. చివరికి ఇంజను విప్పి చూసిన మెకానిక్ పెదవి విరిచాడు. "దీన్ని పసితనంలోనే పాడుచేశారండీ. కొత్తగా వచ్చిన వారంలోనే ఎవడో బండరాళ్ల మీదకి తోలాడు. మొదటి వంద గంటలు ఎలా నడిపితే జన్మంతా అలాగే ఉంటుంది ఇంజను," అన్నాడు. ఆ మాట ఈయన గుండెల్లో గుచ్చుకుంది. ఎప్పుడైనా కొత్తది కొంటే ఆ వంద గంటలూ పసిబిడ్డలా చూసుకుంటానని ఆరోజే అనుకున్నారట.

మిషనుతో పాటు ఇటుకంత పుస్తకం ఇచ్చారు, మొత్తం ఇంగ్లీషులో. ఆయన దాన్ని తెచ్చి నేను కూర తరుగుతున్న పళ్లెం పక్కన పెట్టారు.

"నీ డిగ్రీకి ఇన్నాళ్లకి పని దొరికింది. చదివి చెప్పు."

"చదువుతాను. కానీ నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. మధ్యలో 'అదంతా నాకు తెలుసులే' అనకూడదు."

"అనను టీచరమ్మా."

గుమ్మంలో కూర్చున్న మా మరిది పకపకా నవ్వాడు. ముప్ఫై దాటినా అతన్ని అందరం చిన్నా అనే పిలుస్తాం. అన్నయ్యతో పాటే సైటుకు వెళ్లి, లారీలకు మట్టి ఎత్తించడం, డీజిలు, గ్రీజు అన్నీ అతనే చూసుకుంటాడు. "అయిపోయింది అన్నయ్యా! వదిన చేతిలో పడ్డావు. ఇంక నువ్వూ మిషనూ ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే," అన్నాడు.

మూడు రోజులు చదివాను. అర్థం కానివి మెకానిక్‌కి ఫోన్ చేసి అడిగాను. మందపాటి అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, పైన ప్లాస్టిక్ కాగితం అంటించాను. వంద గంటల వరకు పూర్తి వేగం వద్దు, పూర్తి బరువు వద్దు, రాయి తగిలితే పోట్లాడొద్దు. ఇక పని ఆపేటప్పుడు: మట్టి తవ్వే బకెట్ నేలకి ఆనించాలి. వేగం బాగా తగ్గించాలి. ఎడమ పక్క ఎర్ర లివరు పైకి ఎత్తాలి, అప్పుడు మిషను కదలకుండా బిగుసుకుంటుంది. మీటరు చూసి చిన్న పుస్తకంలో రాయాలి. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఇంజను అలా మెల్లగా తిరగనిచ్చి, అప్పుడు ఆపాలి. ఇంజను ఆగకుండా సీటు దిగకూడదు.

"ఐదు నిమిషాలు ఎందుకు? తాళంచెవి తిప్పితే ఆగుతుంది కదా," అన్నారాయన.

"పరిగెత్తి వచ్చి వెంటనే పడుకుంటే మీకెలా ఉంటుంది? దానికీ అంతే. లోపల వేడి మెల్లగా దిగాలి. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉంటే సరే."

మీటరులో చుక్క తర్వాత వచ్చే అంకె దగ్గర మాత్రం అన్నదమ్ములిద్దరూ తికమకపడ్డారు. పాయింట్ ఐదంటే ఐదు నిమిషాలని వాళ్ల లెక్క.

"కాదు. గంటని పది ముక్కలు చేశారు. ఒక్కో ముక్క ఆరు నిమిషాలు. పాయింట్ ఐదంటే అరగంట," అన్నాను.

"మరి పాయింట్ రెండు?" అన్నాడు చిన్నా పరీక్ష పెట్టినట్టు.

"నువ్వే చెప్పు."

వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఆరూ ఆరూ పన్నెండు. వదినా, నువ్వు మా స్కూల్లో ఉండుంటే నేను ఈపాటికి ఇంజినీరు అయ్యేవాణ్ణి."

"మేస్టార్లు తప్పించుకున్నారులే," అన్నారు మా ఆయన.

అలా రెండు పుస్తకాలు తయారయ్యాయి. ఒకటి చిన్నది, పెన్సిలు దారంతో కట్టి మిషనులో వేలాడదీశాం. రోజుకొక పేజీ, ఆయన చేతిరాత. రెండోది పెద్దది, ఇంట్లో నా దగ్గర. రోజూ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్లగానే చిన్న పుస్తకంలోవి పెద్ద దాంట్లోకి గీతలు కొట్టి ఎక్కించేదాన్ని. రీడింగులన్నీ ఆయన సరిగ్గా రాసేవారు. ఒక్కరోజు మాత్రం టీకి ఆపినప్పుడు రాయడం మర్చిపోయారు. నేను ఆ గడి ఖాళీగా వదిలి, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. మళ్లీ ఎప్పుడూ మర్చిపోలేదు.

ఊరి బయట నీళ్ల ట్యాంకుకు పునాది తవ్వకం అది. వానలు పడేలోగా అవ్వాలి. ఒకరోజు మధ్యాహ్నం నేనే కేరియరు పట్టుకెళ్లాను. గొయ్యి అంచున గొడుగు వేసుకుని నిలబడ్డ సూపర్‌వైజరు నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏంటమ్మా ఇది? కొత్త మిషను వస్తోందంటే వారంలో అయిపోతుందనుకున్నా. మీ ఆయనేమో అన్నం కలుపుతున్నట్టు తవ్వుతున్నాడు."

"వంద గంటలు కానివ్వండి. తర్వాత మీరే ఆపమంటారు," అన్నాను.

"మిషను కన్నా మీరే గట్టిగా ఉన్నారు," అని నవ్వేశాడు.

మా ఆయన నన్ను చూశారు. బకెట్ మెల్లగా నేలకి దించారు. ఇంజను చప్పుడు తగ్గింది. అద్దంలోంచి చూస్తే తల వంచి మీటరు చూడడం, పెన్సిలు అందుకోవడం కనిపించింది. రాసేసి, చెయ్యి పైకెత్తి ఐదు వేళ్లూ చూపించారు. తర్వాత ఒక వేలు ముడిచారు. కాసేపటికి ఇంకొకటి. నేను ఎండలో కేరియరుతో నిలబడి ఉంటే, లోపల ఏసీలో చల్లగా కూర్చుని నిమిషానికో వేలు ముడుస్తూ ముసిముసిగా నవ్వుతున్నారు. చివరి వేలు ముడిచాకే ఇంజను ఆగింది.

"ఆకలి లేదా?" అన్నాను, దిగి వచ్చాక.

"ఎందుకు లేదు? టీచరమ్మ ఎదురుగా నిలబడితే నాలుగు నిమిషాలకి దిగుతానా?"

సైటులో అందరికీ అది అలవాటైపోయింది. బకెట్ నేలమీద పెట్టి ఇంజను గుడగుడమంటూ ఉంటే చాలు, "వదినగారి ఐదు నిమిషాలు" అనేవారట. లారీ డ్రైవర్లు దిగి ముఖం కడుక్కునేవారట. నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఈ ఊళ్లో ఇంత నిక్కచ్చిగా మొదటి వంద గంటలు నడిపిన మిషను ఇంకొకటి ఉండదని.

అరవై దాటాక అనుకుంటాను, ఎడమ భుజం లాగుతోందన్నారు. నేను నూనె రాశాను. మెడ కింద నుంచి మోచేతి దాకా నొప్పన్నారు.

"డాక్టరుకి చూపించుకోరాదూ?"

"కొత్త సీటు కదా, ఒంటికి అలవాటు పడాలి. మిషనుకీ నాకూ కలిపే వంద గంటలు. అయ్యాక ఎలాగూ ఆయిలు మార్చడానికి ఒక రోజు ఆపాలి. ఆరోజు వెళ్తాను."

ఎన్ని రోజులా అని తలుపు మీద అంకె చూసి లెక్కపెట్టాను. రోజుకి ఏడెనిమిది గంటలు, అంటే ఇంకో ఐదారు రోజులు. సరేలే అని ఊరుకున్నాను. మిషనులో బోల్టు ఏదైనా వదులైందంటే ఆ పూటే మెకానిక్‌ని పిలిపించేదాన్ని.

ఆరోజు పొద్దున తలుపు మీద ఎనభై నాలుగు పాయింట్ ఆరు. వెళ్తూ వెళ్తూ ఆయన దాన్ని చూసి, "వంద కాగానే అమ్మాయిని ఎక్కించి ఒక బకెట్ మట్టి ఎత్తిస్తా," అన్నారు. మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా నేను పెద్ద పుస్తకంలో కొత్త పేజీలకు గీతలు కొడుతున్నాను. స్కేలు జరగకుండా ఎడమచేత్తో గట్టిగా నొక్కిపట్టి ఉంచాను. ఫోన్ మోగింది.

"వదినా," అన్నాడు చిన్నా. తర్వాత ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు.

"మిషనుకి ఏమైంది?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అందులో ఒక్క అక్షరం కూడా మారలేదు.

ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని చిన్నా నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా మట్టి. డాక్టరు చిన్న వయసువాడు, నెమ్మదిగా మాట్లాడాడు. దారిలోనే పోయారని చెప్పాడు. గుండె అన్నాడు. "ఇంకో అరగంట ముందు తెచ్చి ఉంటే మేం ఏదైనా చేసేవాళ్లమేమో," అన్నాడు. అతను ఎవరినీ తప్పుపట్టడానికి అనలేదు.

"పావుగంటేనండీ," అన్నాడు చిన్నా. "పావుగంట కంటే ఎక్కువ అవలేదు. పావుగంటే."

తర్వాత వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పాడు. ఒక లారీకి గేటు దగ్గర టైరు పంచరయింది. రెండోది మట్టి తీసుకుని వెళ్లిపోయింది. తను టైరు దగ్గర ఉన్నాడు. ఇంజను చప్పుడు తగ్గడం విని తలెత్తి చూశాడు. బకెట్ నేల మీద పద్ధతిగా ఉంది. ఎండకి అద్దంలోంచి లోపల ఏమీ కనిపించలేదు. "ఏంటి ఆపాడు?" అని సూపర్‌వైజరు అడిగితే, "మా వదిన ఐదు నిమిషాలు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. టైరు బిగించడం అయ్యాక మళ్లీ చూశాడు. ఇంకా అలాగే తిరుగుతోంది. లారీ లేనప్పుడు చల్లగా కూర్చున్నాడులే అనుకున్నాడు. వెళ్లిన లారీ తిరిగొచ్చి హారన్ కొట్టినా బకెట్ లేవకపోతే, అప్పుడు వెళ్లి తలుపు తీశాడు. ఇంజను ఆపింది కూడా తనే. "పావుగంట అయి ఉంటుంది. అంతే కదా?" అని విన్నవాళ్ల ముఖంలోకి చూసేవాడు. "అంతే నాయనా" అనేవాళ్లు వాళ్లు.

మూడు వారాలు మిషను గొయ్యి పక్కనే నిలబడిపోయింది. చిన్నా ఇంటి పనులన్నీ చేసేవాడు. గ్యాసు తెచ్చేవాడు, అమ్మాయిని స్కూలు దగ్గర దింపేవాడు. మిషను పేరెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. సగం అన్నం పళ్లెంలోనే వదిలేసేవాడు. వంటింటి తలుపు మీద అంకె అలాగే ఉంది. అమ్మాయి ఆ తలుపు మూయడం మానేసింది. వెనక్కి తీసి గోడకి ఆనించి ఉంచేది.

వానలు దగ్గరపడ్డాయి. కొత్త మిషను అలా ఉంటే బ్యాటరీ పోతుందని మెకానిక్ వచ్చి చెప్పాడు. వేరే ఆపరేటరును చూడమన్నాను. "కానీ మిగతా గంటలు కూడా అట్ట మీద రాసినట్టే నడపాలి," అన్నాను. నేనూ వస్తానన్నాను.

మెకానిక్ మిషను వెనక్కి వెళ్లాడు. చిన్నా గేటు దగ్గరే ఆగిపోయాడు, ముప్ఫై అడుగుల దూరంలో, చెప్పుతో మట్టి గీకుతూ. నేను మిషను చక్రాల చుట్టూ ఉండే ఇనప చైను మీద కాలు పెట్టి పైకెక్కి తలుపు తీశాను. అంతకుముందెప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు. సీటు వెనక ఆయన తువ్వాలు. సగం నీళ్లున్న సీసా. ఎదురుగా నా అట్ట. పక్కన దారానికి పుస్తకం వేలాడుతోంది.

ఆనాటి పేజీ తీశాను. మొదలు: 84.6. టీకి ఆపినప్పుడు ఒకటి. ఆ కింద 88.8. అంకెలు ఎప్పటిలాగే గడి మధ్యలో ఉన్నాయి. ఆఖరి ఎనిమిది మాత్రం పైన కలవలేదు.

అంటే ఒంట్లో ఏదో అవుతోందని తెలిశాకే ఆపారు. టీ వేళ కాదు, భోజనం వేళ కాదు. బకెట్ నేలకి ఆనించారు. వేగం తగ్గించారు. ఎర్ర లివరు ఎత్తారు. రీడింగు రాశారు. హారన్ బొత్తాం బొటనవేలి కిందే ఉంది. అది నొక్కడం నా అట్ట మీద లేదు. ఐదు నిమిషాలు ఆగమని ఉంది. ఇంజను ఆగకుండా సీటు దిగకూడదని ఉంది.

తాళంచెవి కొంచెం తిప్పాను. ఇంజను కదలకుండా మీటరు మాత్రం వెలిగింది. 89.5.

ఏడు ముక్కలు. ఏడారులు నలభై రెండు. లెక్క చెయ్యాలని నేను అనుకోలేదు, దానంతట అదే అయిపోయింది.

"ఇంజను అద్దంలా ఉందమ్మా!" కింద నుంచి మెకానిక్ అరిచాడు. "ఇంత ఒద్దికగా నడిపిన కొత్త ఇంజను నేను చూడలేదు. ఇంక పాతికేళ్లు ఢోకా లేదు..." అని చటుక్కున ఆగిపోయాడు.

తాళంచెవి వెనక్కి తిప్పి, ఆ పేజీ దారం దగ్గర నుంచి జాగ్రత్తగా చింపి, మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాం. నేను వరండాలో పెద్ద పుస్తకం తెరిచి కూర్చున్నాను. చిన్నా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు, నా వైపు చూడకుండా.

"చూశావా వదినా?"

"చూశాను."

"ఎంత రాశాడు అన్నయ్య?"

మూడు వారాలుగా అతను ఆ మిషను దగ్గరికి ఎందుకు వెళ్లలేదో అప్పుడు అర్థమైంది. అందులో లెక్క ఉందని అతనికీ తెలుసు. నేర్పింది నేనే.

"ఎనభై తొమ్మిది పాయింట్ మూడు," అన్నాను.

"మీటరు?"

"పాయింట్ ఐదు."

అతని చూపుడువేలు, మధ్యవేలు కదిలాయి. "ఆరూ ఆరూ... పన్నెండు."

"అందులో ఐదు ఎలాగూ ఆయన ఆగేవే కదా చిన్నా. మిగిలింది ఏడే. ఏడు నిమిషాల్లో ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?"

"పావుగంట కూడా కాదు," అన్నాడు.

"కాదు."

మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. అన్నయ్య పోయాక అతను ఏడవడం అదే మొదలు. లోపల నుంచి అమ్మాయి వచ్చి చూసి, వాళ్ల బాబాయి పక్కన కూర్చుంది. నేను పెన్ను తీసుకుని, ఆనాటి ఆఖరి గడిలో 89.3 అని రాశాను. ఆ పుస్తకంలో నేను రాసిన తప్పు అంకె అదొక్కటే. గడి మధ్యలో, శుభ్రంగా రాశాను.

ఆ రాత్రి చిన్నా పళ్లెంలో అన్నం మిగల్చలేదు.

రెండు రోజులకి కొత్త ఆపరేటరు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, బక్కపలచటి మనిషి, మాట తక్కువ. అట్ట చదివి, "భలే రాశారమ్మా, మేం ఇంత పద్ధతి ఎక్కడా చూడలేదు," అన్నాడు. రోజంతా నిదానంగా తవ్వాడు. నేను గొయ్యి అంచున సిమెంటు బస్తాల మీద కూర్చున్నాను. చిన్నా లారీల దగ్గర తిరుగుతున్నాడు. సూపర్‌వైజరు నన్ను చూసి గొడుగు తెచ్చి ఇచ్చి వెళ్లిపోయాడు.

ఐదున్నరకి పని ఆపాడు. బకెట్ నేలకి ఆనింది. ఇంజను చప్పుడు తగ్గి గుడగుడమంది. పడమటి ఎండ అద్దం మీద పడి లోపల మనిషి కనిపించడం లేదు. లారీ డ్రైవరు దిగి ముఖం కడుక్కోవడానికి డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు.

నా చెయ్యి ఒడిలో ఉంది. ఒక వేలు ముడిచాను. కాసేపటికి ఇంకొకటి. మూడోది ముడవబోతూ లేచాను. గొడుగు ఎక్కడ పడిందో తెలియదు. చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని మట్టి గడ్డల మీద పరిగెత్తి, చైను మీదకి ఎక్కి, అరచేత్తో అద్దం మీద కొట్టాను. మళ్లీ కొట్టాను.

తలుపు తెరుచుకుంది. ఆ మనిషి కంగారుగా నా వైపు చూస్తున్నాడు. చేతిలో పెన్సిలు ఉంది.

"ఏమైందమ్మా?"

"ఏమీ లేదు. దిగు నాయనా."

"ఇంకా ఐదు నిమిషాలు అవలేదు కదమ్మా. మీరే రాశారు..."

"అయ్యాయి," అన్నాను. "ఇంజను సంగతి నేను చూసుకుంటాను. నువ్వు దిగు."